మురుగు చెప్పిన కబురు

2016 ఏప్రిల్ 25, సోమవారం. ఆఖరి కోత మిరపకాయ ఇంకా కల్లాల మీదే ఉంది. పత్తికట్టె పీకేసిన చేలు బోసిగా ఉన్నాయి. అప్పటికి పల్నాడు జిల్లా లేదు, బాపట్ల జిల్లా లేదు. మాచర్ల నుంచి రేపల్లె దాకా గుంటూరు జిల్లాయే, అద్దంకి నుంచి గిద్దలూరు దాకా ప్రకాశమే. ఆ రోజు ఈ రెండు జిల్లాల్లో ఏ పీహెచ్‌సీకి వెళ్లినా ఒకటే పని. టీకాల ఫ్రిజ్ మూత ఎత్తడం, పోలియో చుక్కల సీసాలు ఒక్కొక్కటీ తీసి పైనున్న చీటీ చదవడం, 'ట్రైవాలెంట్' అని ఉన్నవాటిని లెక్కపెట్టి విడిగా మూటగట్టడం.

అవి కాలం చెల్లిన మందులు కావు, ఎండకు పాడైనవీ కావు. మొన్నమొన్నటి దాకా పిల్లల నోట్లో వేసినవే. 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాల్లో బస్టాండుల్లో, గుళ్ల దగ్గర, బడి అరుగుల మీద పంచిన ఆ 'రెండు చుక్కలు' ఇవే. ఇవాళ్టి నుంచి వీటిలో ఒక్క చుక్క కూడా ఏ బిడ్డ నోట్లోనూ పడకూడదు. సీసాలన్నీ వెనక్కి వెళ్లాలి, నాశనం కావాలి. ఆ తర్వాత బయటి పరిశీలకులు వచ్చి, ఎక్కడైనా ఓ సీసా మిగిలిందేమోనని ఫ్రిజ్‌లు తెరిపించి చూస్తారు. మనమొక్కరమే కాదు, ఏప్రిల్ 17 నుంచి మే 1 లోపు 155 దేశాలు ఇదే పని చేశాయి. టీకాల చరిత్రలో ఇంత పెద్ద ఉపసంహరణ ఇంకోటి లేదు. మన పత్రికల్లో మాత్రం లోపలి పేజీ వార్తే అయింది.

పోలియో వైరస్ మూడు రకాలు. ట్రైవాలెంట్ చుక్కల్లో మూడింటి బలహీన రూపాలూ ఉంటాయి. రెండో రకం అసలు వైరస్ ప్రపంచంలో చివరిసారి దొరికింది మన దేశంలోనే, 1999లో, ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో. ఆ తర్వాత ఎక్కడా కనబడలేదు. 2015 సెప్టెంబరులో అది అంతరించిందని ప్రకటించారు. వైరస్ పోయాక దానికి మందు వేస్తూ పోవడం దండగ మాత్రమే కాదు, ప్రమాదం కూడా. చుక్కల్లో ఉన్నది చచ్చిన వైరస్ కాదు, నీరసించిన బతికున్న వైరస్. టీకా పడని పిల్లలు గుంపుగా ఉన్నచోట అది ఒకరి మలం నుంచి ఇంకొకరి నోటికి చేరుతూ, చేరిన ప్రతిసారీ కొంచెం మారుతూ పోతుంది. హైబ్రిడ్ పత్తిగింజను దాచి ఏటా అదే మళ్లీ మళ్లీ వేస్తే గుణం ఎలా తప్పుతుందో మన రైతుకు తెలుసు. ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ గుణం తప్పి పాత మొరటుతనం తిరిగొస్తుంది. అప్పుడది కాళ్లు పడగొట్టగలదు. ఇలా తిరగబడిన వైరస్‌ల వల్ల వచ్చిన పోలియోలో అత్యధిక భాగం రెండో రకానిదే. అందుకే దాన్ని చుక్కల్లోంచి తీసేశారు.

ఇక్కడో సందేహం రావాలి. రెండో రకం లేదని అంత ధీమాగా ఎవరు చెప్పారు? రోగి ఉంటే చూపించొచ్చు. రోగి లేడని ఎలా చూపిస్తారు?

1997లో కేంద్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి మొదలుపెట్టిన నేషనల్ పోలియో సర్వైలెన్స్ ప్రాజెక్టు తలకెత్తుకున్నది ఈ పనినే. ఊళ్లలో పోలియోని వెతకమని వాళ్లు చెప్పలేదు. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఎవరికైనా, ఏ కారణం వల్లనైనా, ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడి చచ్చుబడితే కబురు చేయమన్నారు. అది పోలియోనా కాదా అన్నది మీరు తేల్చొద్దు, మేం తేలుస్తాం అన్నారు.

అలాంటి బిడ్డ మన పల్లెల్లో మొదట చేరేది ప్రభుత్వాసుపత్రికి కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీ గడపకి. "జొరం తగ్గింది గానీ డాక్టరుగారూ, కాలు నేల మీద ఆనట్లేదు" అంటుంది తల్లి. సూదిపోటుకి నరం పట్టిందంటారు ఒకరు. గాలి సోకిందంటారు ఇంకొకరు. తాయెత్తు అవుతుంది, కట్టు కట్టేవాళ్ల దగ్గరికి మోసుకెళ్లడం అవుతుంది. ఈలోపు పది రోజులు గడిచిపోతాయి. నిఘా పెట్టినవాళ్ల తెలివి నాకు బాగా నచ్చేది ఇక్కడే. ఆర్‌ఎంపీని, తాయెత్తు కట్టేవాళ్లను ఈసడించకుండా, వాళ్ల పేర్లను కూడా కబురు చెప్పేవాళ్ల జాబితాలో రాసుకున్నారు. బిడ్డ ఎవరి గడప తొక్కినా అక్కణ్నుంచి ఒక కబురు బయల్దేరాలి, అంతే.

కబురు అందగానే కారణం గురించి వాదన ఉండదు. నరం పట్టినా, గిలియన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్) అనే నరాల జబ్బని పెద్దాసుపత్రిలో తేల్చేసినా సరే, మలం నమూనా తీయాల్సిందే. కాలు పడిపోయిన 14 రోజుల్లోపు రెండుసార్లు, రెంటికీ మధ్య కనీసం 24 గంటల తేడాతో. ఐసు పెట్టిన డబ్బాలో ప్రయోగశాలకు. డబ్బా చేరేసరికి ఐసు కరిగిపోతే ఆ నమూనా లెక్కలోకి రాదు. మే నెలలో మాచర్ల నుంచో ఎర్రగొండపాలెం నుంచో ఐసు కరగకుండా పంపడం అంటే ఏమిటో అక్కడి వేసవి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇందులో ఒక తమాషా లెక్క ఉంది. పోలియో అసలే లేని చోట కూడా ఇతర కారణాల వల్ల లక్షమంది పిల్లల్లో ఏడాదికి ఒకరికైనా ఇలా కాలో చెయ్యో చచ్చుబడుతుంది. మన దేశం ఆ అంచనాను రెండుగా పెట్టుకుంది. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లా జనం సుమారు 48.9 లక్షలు. అందులో పదిహేనేళ్లలోపు వాళ్లు నాలుగో వంతు అనుకున్నా 12 లక్షలు. అంటే ఆ జిల్లా నుంచి ఏడాదికి ఓ 24 కేసులు రావాలి. ప్రకాశం నుంచి 16, 17. అన్నీ వచ్చి, అన్నీ పోలియో కాదని తేలితే జిల్లా క్షేమం. ఒక్కటీ రాకపోతే? ఆ జిల్లా ఆరోగ్యంగా ఉందని కాదు, అక్కడెవరూ చూడటం లేదని అర్థం. మరోవైపు ప్రతి ఆసుపత్రీ వారం వారం కాగితం పంపాలి, కేసు లేకపోతే లేదని రాసి. కాగితం రాకపోవడం, కాగితం మీద సున్నా రావడం ఒకటి కాదు. ఏళ్ల తరబడి సున్నాలు రాసిన గుమాస్తాలకీ ఏఎన్‌ఎంలకీ ఈ పని ఎంత విసుగు పుట్టించి ఉంటుందో! 2014 మార్చి 27న భారతదేశానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో రెండేళ్ల పాపకు వచ్చిందే చివరి కేసు అని ప్రపంచం నమ్మింది. ఆ నమ్మకానికి ఆధారం ఈ సున్నాలే.

కానీ ఈ వలకో కన్నం ఉంది. పోలియో సోకిన వాళ్లలో కాళ్లు పడిపోయేది దాదాపు రెండు వందల్లో ఒకరికి. రెండో రకంలో ఇంకా తక్కువ. మిగతా పిల్లలు ఆడుకుంటూనే, బడికెళుతూనే మలంలో వైరస్‌ను వదులుతుంటారు. చచ్చుబడిన కాలు కనిపించేసరికి ఆ వీధుల్లో వైరస్ ఎప్పుడో తిరిగేసి ఉంటుంది. అందుకే 2001లో ముంబయిలో మురుగునీటిని పరీక్షించడం మొదలుపెట్టారు. తర్వాత ఢిల్లీ, కోల్‌కతా, పట్నాల వంటి నగరాలు చేరాయి. హైదరాబాదూ చేరింది.

2016 మే 16. సీసాలు మూటగట్టి సరిగ్గా మూడు వారాలు. హైదరాబాద్‌లో ఒకచోట మురుగునీటి నమూనా తీశారు. ఇది వేకువనే చేసే పని. ఊరు నిద్రలేచి మరుగుదొడ్లకు వెళ్లే వేళ కాలవలో పారే నీటికే విలువ. దాన్ని చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చి, చిక్కబరిచి, కణాల మీద పోస్తారు. వాటిలో ఎల్20బీ అనే కణం చమత్కారమైనది. అది ఎలుక కణం. ఎలుకకు పోలియో అంటదు. మనిషి కణంలో పోలియో వైరస్ పట్టుకునే కొక్కేన్ని తీసుకెళ్లి ఆ ఎలుక కణానికి తగిలించారు. మురుగులో ఉండే సవాలక్ష వైరస్‌లలో దాన్ని చంపేది దాదాపుగా పోలియో ఒక్కటే.

కణాలు చచ్చాయి. రెండో రకం.

అక్కడితో గాబరాపడాల్సింది లేదు. మూడు వారాల కిందటి దాకా పిల్లలకు వేసిన చుక్కల్లో రెండో రకం ఉంది కదా, ఆ పిల్లల మలంలో అది ఇంకొన్నాళ్లు వస్తూనే ఉంటుంది. కాబట్టి అసలు ప్రశ్న అది ఉందా లేదా అని కాదు, ఎంత మారింది అని. వైరస్ పైపొరకు సంబంధించిన వీపీ1 అనే జన్యుభాగంలో సుమారు తొమ్మిది వందల అక్షరాలు ఉంటాయి. ఏడాది తిరిగేసరికి అందులో నూటికి ఒకటి చొప్పున మారుతుంది. రెండో రకంలో ఆరు గానీ అంతకు మించి గానీ మారితే అది చుక్కల మందు వైరస్ కాదు, చుక్కల నుంచి పుట్టి దారి తప్పిన వైరస్. హైదరాబాద్ మురుగులో దొరికింది ఆ గీత దాటింది.

జూన్ మధ్యకల్లా కబురు బయటికి పొక్కింది. ఊరు ఉలిక్కిపడింది. పోలియో తిరిగొచ్చిందని టీవీలు మొదలుపెట్టాయి. తిరిగి రాలేదని, ఇది అసలు వైరస్ కాదని, పోలియో రహిత దేశం అన్న గుర్తింపుకు ఢోకా లేదని కేంద్ర ఆరోగ్యశాఖ వివరణ ఇచ్చుకుంది. ఆ చుట్టుపక్కల వెతికితే దీనివల్ల కాలు పడిపోయిన బిడ్డ ఒక్కరూ కనబడలేదు. ఈ గాథలో నన్ను కట్టిపడేసింది ఈ సంగతే. రోగి లేడు. జ్వరం లేదు, ఆసుపత్రి మంచం లేదు, ఏడ్చే తల్లి లేదు. ఉన్నదల్లా ఒక సీసా మురుగునీళ్లు, ఒక ప్రయోగశాల కాగితం. ఆ కాగితం ముక్కను నమ్మి హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల యంత్రాంగాన్ని వీధుల్లోకి దింపాలి.

ఏ మందుతో? రెండో రకానికి చుక్కలు మళ్లీ వేస్తే, ఇంత శ్రమపడి వెనక్కి తీసిన వైరస్‌ను మన చేత్తోనే మళ్లీ వీధిలోకి వదిలినట్టు. మిగిలింది చచ్చిన వైరస్‌తో చేసిన సూదిమందు, ఐపీవీ. దానికేమో ఆ ఏడాది ప్రపంచమంతటా కొరత. కంపెనీలు అనుకున్నంత తయారు చేయలేకపోయాయి. జెనీవా నుంచి విమానంలో మందు తెప్పిస్తున్నట్టు పత్రికలు రాశాయి.

కొరతకు మందు మాత్రం ఇంట్లోనే దొరికింది. ఒక పూర్తి మోతాదు 0.5 మిల్లీలీటర్లు, కండకు వేస్తారు. అదే మందును చర్మం పొరలోకి ఎక్కిస్తే ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరే సరిపోతుంది. అంతకుముందు ఏప్రిల్ నుంచే దేశంలో ఎనిమిది చోట్ల మామూలు టీకాల్లో ఈ పద్ధతి మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ ఎనిమిదిలో ఉన్నాయి. నరసరావుపేటలోనైనా, దర్శిలోనైనా, నల్లకుంటలోనైనా నర్సమ్మలు అప్పటికే ఆరో వారంలో ఒకటి, పద్నాలుగో వారంలో ఒకటి ఈ బుల్లి సూది వేస్తున్నారు. బీసీజీ వేసిన చేతులకు ఇదేమంత కష్టం కాదు. సూదిమొన చర్మం పొరలోనే పడుకోవాలి, చిన్న బొబ్బ లేవాలి. బొబ్బ లేవకపోతే మందు లోతుకి పోయినట్టే. కొరత రోజుల కోసం నేర్చుకున్న విద్య మూడు నెలలు తిరగకుండానే ఆపద్ధర్మంగా అక్కరకొచ్చింది.

జూన్ 20, సోమవారం. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ముప్పు ఎక్కువ ఉన్న పేటల్లో సూదులు మొదలయ్యాయి. ఆరు వారాల పసికందు నుంచి మూడేళ్ల పిల్లల దాకా. "మొన్ననే చుక్కలు ఏయిస్తిమి గద, మల్ల సూదెందుకు?" ఈ ప్రశ్న ఎదురుకాని వీధి ఉండదు. చుక్కలంటే బిడ్డ ఏడవదు. సూదంటే తల్లి చేయి వెనక్కి లాక్కుంటుంది. అదీగాక జబ్బు ఎక్కడా కనిపించడం లేదు. కనిపించని జబ్బుకు బిడ్డను కుట్టించమని అడగడం ఎంత కష్టమో గడప గడపా తిరిగినవాళ్లకే తెలియాలి. ఏడు రోజుల్లో 3,11,064 మంది పిల్లలకు వేశారు. అనుకున్న వాళ్లలో 94 శాతం. నమూనా తీసిన రోజు నుంచి మొదటి సూది దాకా పట్టింది ఐదు వారాలు.

ప్రశంసలన్నీ ఆ 94 దగ్గర ఆగిపోయాయి. మిగతా ఆరు శాతం ఎంతమంది? లెక్కేస్తే ఇంచుమించు ఇరవై వేలు. వాళ్లంతా మొండికేసిన తల్లిదండ్రుల పిల్లలని అనుకోలేం. పెద్ద నగరంలో తాళం వేసిన ఇల్లంటే చాలాసార్లు పనికి పోయిన ఇల్లు, లేదా ఊరికి పోయిన ఇల్లు. మన వైపు ఇది మరీ ఎక్కువ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలకు ఆదోని, కోసిగి వైపు నుంచి, ప్రకాశం పడమటి మెట్ట నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు చేలకు దిగుతాయి. చేను గట్టున పట్టా గుడిసె, అందులో చంటిబిడ్డ. ఆ బిడ్డ పేరు సొంతూరి ఏఎన్‌ఎం రిజిస్టర్లో ఉంటుంది, బిడ్డ ఉండదు. ఇక్కడి ఏఎన్‌ఎం ఊళ్లో బిడ్డ ఉంటుంది, రిజిస్టర్లో పేరు ఉండదు. కోతలు అయ్యాక ఆ కుటుంబం ఇంకో పని వెతుక్కుంటూ ఇంకో ఊరు పోవచ్చు. పోలియో వాళ్లు ఇటుక బట్టీలకు, కట్టడాల దగ్గరి గుడిసెలకు, సంచార జాతుల డేరాలకు విడిగా జాబితాలు రాసుకున్నది ఈ బాధ తెలిసే. జిల్లాకి నూటికి తొంభై అయిదు పడ్డాయన్న లెక్క, మిగిలిన అయిదుగురూ ఒకే చేను గట్టున ఉన్నారా అన్న సంగతి చెప్పదు. వైరస్‌కు కావలసింది సరిగ్గా ఆ గట్టే.

హైదరాబాద్ కథ ఇలా ముగిసింది గానీ అన్నిచోట్లా ఇలా ముగియలేదు. 2022లో లండన్ మురుగులో రెండో రకం దొరికింది. అదే ఏడు న్యూయార్క్ రాష్ట్రంలో టీకా వేయించుకోని ఒక యువకుడికి కాళ్లు పడిపోయాకే మురుగును వెతికారు. 2024లో గాజా మురుగులో వైరస్ ముందే కనబడింది, కానీ బాంబుల మధ్య సూదైనా చుక్కైనా ఎవరు వేస్తారు? పది నెలల బిడ్డ కాలు చచ్చుబడ్డాక సెప్టెంబరులో గానీ చుక్కలు మొదలవలేదు. అదే ఏడాది ఆగస్టులో మన మేఘాలయలోనూ చుక్కల నుంచి పుట్టిన వైరస్‌తో ఒక రెండేళ్ల బిడ్డకు కాళ్లు పడిపోయాయి.

ఇక మన గుంటూరు. 2025 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా మహిళ ఒకరు జీబీఎస్‌తో గుంటూరు ప్రభుత్వాసుపత్రి‌లో చనిపోతే రెండు జిల్లాలూ వణికాయి. కొత్త జబ్బేదో వచ్చిందనుకున్నారు. కొత్తది కాదు. పిల్లల్లో వచ్చే జీబీఎస్‌ను పోలియో నిఘావాళ్లు పాతికేళ్లుగా లెక్కిస్తూనే ఉన్నారు, ఏటా వచ్చే చచ్చుబాటు కేసుల్లో పెద్దవాటా దానిదే. ఆ లెక్క పదిహేనేళ్ల దగ్గర ఆగుతుంది కాబట్టి పెద్దవాళ్లకు వస్తే ఎన్ని మామూలు, ఎన్ని ఎక్కువ అని చెప్పగల కాగితం అలా సిద్ధంగా లేదు.

అదే ఏడాది గుంటూరు పక్కనే తురకపాలెం. కొద్ది నెలల్లో ఇరవైకి పైగా చావులు. వార్త బయటికొచ్చి, సెప్టెంబరులో శిబిరాలు వేసి, రక్త నమూనాలు తీసి, మట్టిలో బతికే బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్ కావచ్చని అనుమానించారు. దానికి టీకా లేదు, పసిగడితే పనిచేసే మందులు మాత్రం ఉన్నాయి. పసిగట్టాలంటే బ్లడ్ కల్చర్ చేయాలి. చచ్చుబడిన కాలు ఎవరికైనా కనబడుతుంది. జ్వరం అలా కాదు, వానాకాలంలో వందల జ్వరాల్లో కలిసిపోతుంది. జబ్బుల లెక్క సేకరించే ప్రభుత్వ కార్యక్రమం ఐడీఎస్‌పీ 2004 నుంచి ఉన్నా దాని కళ్లు పడేది ఎక్కువగా ఆసుపత్రి దాకా వచ్చి పేరు పెట్టించుకున్న జబ్బు మీదే.

కాబట్టి అధికారులను నేను అడిగేది ఇంతే. జులై నుంచి అక్టోబరు దాకా, గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలం పనుల వాళ్లలో వారం దాటిన జ్వరంతో ఎవరు వచ్చినా బ్లడ్ కల్చర్ తీయించండి. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా కబురు అందేలా చూడండి. ఏమీ లేకపోతే లేదని రాయించి వారం వారం తెప్పించండి. ఇందుకు కొత్త శాఖ పెట్టక్కర్లేదు. పోలియో కోసం రాసిన కబురుగాళ్ల జాబితా ఇప్పటికీ ప్రతి జిల్లాలో ఉంది, అందులోని మనుషులూ ఉన్నారు.